వేలి మందం

కళ్యాణదుర్గం రోడ్డులో, లారీల కాటా దాటినాక
హుసేనప్ప టైర్ల అంగడి.
మధ్యాన్నం మూడు. నీడక్కూడా రబ్బరు వాసన.

గోడకానించిన వాటిల్లో అన్నిటికంటే పెద్దదాన్ని చూపించినా.
ముప్పై మూడంగుళాలు. పక్కలకు కూడా పళ్ళు.
దాని ముందర నా బండి చక్రం
తిరనాళ్ళలో తప్పిపోయిన పిల్లోని మాదిరి నిలబడింది.

"ఎంతకిస్తావు?"
ఆయప్ప ధర చెప్పలా.
"యాడ దిగబడితివి?" అన్నాడు.

ఎట్లా కనిపెట్టినాడో!
బెళుగుప్ప అవతల, గాలిమరల గుట్టకు పొయ్యే బాట.
తొట్టిలో రెండు పీపాల గేరాయిలు,
లోపల ముగ్గురు రిపేరు పిల్లోళ్ళు.
వాన నిలిచి గంటన్నా కాలేదు.
ఫోర్ వీల్ వేసినా గూడా
నల్లరేగడిని సంగటి కెలికినట్టు
నాలుగు చక్రాలూ ఉన్నచోటే కెలుకుతా ఉండినాయి.
గుట్ట మీద తిరగని ఫ్యాను ఒకటి,
కింద ఆగకుండా తిరిగేవి నాలుగు,
దేనితోనూ పని కాలా.

ట్రాక్టరుతో లాగినందుకు ఎర్రిస్వామికిచ్చిన రెండు వేలు
మరిచిపోతి గానీ,
"ఇంత బండి పెట్టుకోనీ..." అని వాడు నవ్వింది మరవల్యా.
ఆ పెద్ద టైరు
వాని నవ్వు కొలతకు తీసిందే, నిజానికి.

హుసేనప్ప లుంగీ ఎగ్గట్టినాడు.
"తిప్పేసామీ, తిప్పు. కడాకు తిప్పు."
స్టీరింగు ఆగేదాకా తిప్పినా.
వంగి, చక్రానికీ రేకుకూ మధ్యన వేళ్ళు దూర్చినాడు.
నాలుగు పట్టినాయి.
ముందు చక్రాన్ని బండరాయి మీదికెక్కించి
మళ్ళీ తిప్పమన్నాడు.
రెండే పట్టినాయి.

"కంపెనీవాడు నీకిడిసిన జాగా ఇంతే.
బండి ఎత్తు లేపకుండా, రేకు కొయ్యకుండా
ఒక వేలు తినొచ్చు నువ్వు. ఇంకోటి మిగల్చాల.
ఆ రాచ్చసిని తగిలించినావంటే
మలుపుమలుపుకూ మడ్గార్డును కొరుక్కుంటా పోతాది.
మీటరు అరవై అంటాది, నువ్వు అరవై ఏడులో ఉంటావు.
స్టెప్నీ కింద పట్టదు. వొళ్ళో పెట్టుకోని పోతావా?"

సుద్దముక్కతో నేల మీద
గుండ్రంలో గుండ్రం గీసి, నడిమధ్యన చుక్క పెట్టినాడు.
"రెండు నూర్ల అరవై అయిదు వేస్తే
ఇరవై ఎనిమిది మిల్లీమీటర్లు పెరుగుతాది అనుకో.
సగం పైకి పోతాది, రేకు దిక్కు.
సగమే కిందికి. నీ బండి కడుపును రాయి నుంచి కాపాడేది ఆ సగమే."
చూపుడువేలు అడ్డంగా పట్టి చూపించినాడు.

పోయినేడు బాడుగ పెంచుకుంటి.
ఆ పెంచిందీ సగం యాడికి పోయిందో
ఇన్నాళ్ళూ ఎవురూ సుద్దతో గీసి చూపించల్యా.

"నాలుగు గాదు, అయిదు తీసుకో.
ఫోర్ వీల్లో ఒక కాలు పొట్టిదయితే గేరుపెట్టె ఏడుస్తాది."
అయిదో దానికి బేరమాడితి. టీ తాగితిమి.
మాపటికి అయిదూ కంతు మీద నావి.

గుట్ట బాటలో మూడో ఫ్యాను మలుపులో
నాకు తెలిసిన రాయి ఒకటుంది.
పోయినప్పుడల్లా కింద "టంగు"మనేది,
ముగ్గురు పిల్లోళ్ళూ ఆ మోతకే నిద్ర లేచేవాళ్ళు.
మరుసటి పొద్దున
మోత కోసరం చెవులు రిక్కబెట్టి పోతి.
రాలా.
పిల్లోళ్ళు నిద్రలోనే కొండెక్కినారు.

దిగేటప్పుడు తొట్టిలో చెడిపోయిన మోటారు.
అప్పుడు తగిలింది. మెల్లగా,
ఊరికే ఉండావా అన్నట్టు.

రేగడికి ఇంకా వాన పడలా.